బుధుడికి 105 రోజుల దారి ఉంటే ఏడెనిమిదేళ్లు ఎందుకు తిప్పి తీసుకెళ్తారు?

నభోలెక్కలు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. భూమి కక్ష్య నుంచి బుధుడి కక్ష్యకు హోమన్ మార్గం (రెండు కక్ష్యలనూ తాకుతూ తక్కువ ఇంధనంతో వెళ్లే దారి) గీసి చూస్తే ప్రయాణానికి దాదాపు 105 రోజులు వస్తోంది. నాసా నౌక మెరైనర్ 10 కూడా 1973 నవంబర్ 3న బయల్దేరి, మధ్యలో శుక్రుడి పక్కనుంచి వెళ్లి, 1974 మార్చి 29కల్లా బుధుణ్ణి దాటేసింది. ఐదు నెలలు కూడా పట్టలేదు. నాసాదే అయిన మెసెంజర్ మాత్రం 2004 ఆగస్టు 3న బయల్దేరితే 2011 మార్చి 18కి గాని కక్ష్యలోకి చేరలేదు. ఐరోపా, జపాన్ కలిసి పంపిన బెపికొలంబో 2018 అక్టోబర్ 20న బయల్దేరితే దాని రాకకు 2026 నవంబర్ అని పెట్టారు.

ఇంధనం ఇంకాస్త ఎక్కువ నింపి నేరుగా వెళ్తే ఏమవుతుంది? ఒకే గ్రహం పక్కనుంచి మూడుసార్లు, ఆరుసార్లు వెళ్తే ఒక్కోసారి ఎంత వేగం తగ్గుతుంది? సూర్యుడికి అంత దగ్గర కదా, కరెంటు కావలసినంత దొరుకుతుంది. మరి సోలార్ ప్యానెళ్ల మీద అద్దాలు ఎందుకు అతికించారు? మెసెంజర్ కక్ష్య 200 కి.మీ. నుంచి 15,000 కి.మీ. దాకా అంత సాగి ఎందుకు ఉంది? తక్కువ ఎత్తులో గుండ్రటి కక్ష్య అయితే మ్యాపింగ్‌కు మేలు కదా. అంకెలతో చెప్పగలిగితే నా లెక్కలతో సరిచూసుకుంటాను.


కక్ష్యామార్గం:

105 రోజులు సరైన లెక్కే. కానీ అది బుధుడి దగ్గరికి వెళ్లడం వరకే. అక్కడ ఆగడానికి ఎంత కావాలో కూడా వేసి చూడండి, సంగతి తేలిపోతుంది.

భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు 29.8 కి.మీ. వేగంతో తిరుగుతోంది. మీ హోమన్ మార్గం ఎక్కాలంటే అందులో 7.5 కి.మీ. తగ్గించుకోవాలి. మామూలుగా అంగారకుడి ప్రయాణానికి కావలసింది 3 కి.మీ. చుట్టుపక్కల, అంటే రాకెట్ మీద భారం ఇక్కడే రెట్టింపు పైన అయింది. తర్వాత వ్యోమనౌక సూర్యుడి వైపు పడుతూ పడుతూ వేగం పుంజుకుని బుధుడి కక్ష్య దగ్గరికి సెకనుకు 57.5 కి.మీ.తో వస్తుంది. బుధుడి సగటు వేగం దాదాపు 48. తేడా 9.6 కి.మీ. బుధుడి ఆకర్షణ కూడా తోడై, 200 కి.మీ. ఎత్తుకు వచ్చేసరికి అది 10.4 అవుతుంది. మెసెంజర్ లాంటి సాగిన కక్ష్యలో ఆ ఎత్తున ఉండాల్సిన వేగం 3.8 మాత్రమే. అంటే ఒక్క దెబ్బలో 6.6 కి.మీ. వేగం చంపాలి.

రసాయన ఇంజిన్‌లో వాయువులు బయటికొచ్చే వేగం సెకనుకు 3.1 కి.మీ. అనుకుంటే, రాకెట్ సూత్రం ప్రకారం మంటకు ముందున్న బరువు మిగిలే బరువుకు ఇ ఘాతం (6.6 భాగించు 3.1) రెట్లు, అంటే సుమారు 8.4. కక్ష్యలో ఒక టన్ను మిగలాలంటే ఆ మంట కోసమే 7.4 టన్నుల ఇంధనం అక్కడిదాకా మోసుకెళ్లాలి. ట్యాంకుల బరువు ఇందులో లేదు, అది కలిపితే ఇంకా పెరుగుతుంది. "ఇంకాస్త ఇంధనం" అనేది ఇక్కడే విరిగిపోతుంది.

మెరైనర్ 10 ఆగలేదు, అందుకే ఐదు నెలల్లో పని అయింది. అయినా దాని కక్ష్యాకాలాన్ని 176 రోజులకు, అంటే సరిగ్గా రెండు బుధ సంవత్సరాలకు సరిపెట్టి మళ్లీ మళ్లీ బుధుణ్ణి కలిసేలా చేయొచ్చని ఇటలీ గణిత శాస్త్రవేత్త జుసెప్పే కొలంబో సూచించారు. 1974 సెప్టెంబర్ 21న, 1975 మార్చి 16న అలాగే కలిసింది. అయితే బుధుడి మీద ఒక పగలు-రాత్రి చక్రం కూడా 176 రోజులే. దాంతో ప్రతిసారీ ఎండ పడిన ముఖం ఒకటే, ఫొటోల్లోకి ఉపరితలంలో 45 శాతం మాత్రమే వచ్చింది.

ఇక ఫ్లైబై, అంటే గ్రహం పక్కనుంచి దాటిపోవడం సంగతి. గ్రహం ముందు వైపునుంచి దాటితే సూర్యుడి దృష్ట్యా వేగం తగ్గుతుంది, వెనక వైపునుంచి దాటితే పెరుగుతుంది. మెసెంజర్ ముందు భూమిని (2005 ఆగస్టు 2), తర్వాత శుక్రుణ్ణి రెండుసార్లు (2006 అక్టోబర్ 24, 2007 జూన్ 5) వాడుకుని బుధుడి కక్ష్య దాకా దిగింది. ఆ తర్వాత బుధుణ్ణే మూడుసార్లు: 2008 జనవరి 14, 2008 అక్టోబర్ 6, 2009 సెప్టెంబర్ 29. ఈ మూడింటిలో సూర్యుడి దృష్ట్యా వేగంలో వచ్చిన మార్పు వరుసగా సుమారు 2.3, 2.45, 2.8 కి.మీ. మొత్తం ఏడున్నర కి.మీ., ఇంధనం ఖర్చు లేకుండా.

చాలామంది ఇక్కడ ఒక మెలిక వదిలేస్తారు. ఫ్లైబై వల్ల బుధుడి దృష్ట్యా వేగం తగ్గదు, దిశ మాత్రమే మారుతుంది. వచ్చినంత వేగంతోనే వెళ్లిపోతుంది. కక్ష్యలో దిగే రోజు ఇబ్బంది పెట్టేది సరిగ్గా ఆ సాపేక్ష వేగమే. దాన్ని తగ్గించడానికి ప్రతి ఫ్లైబై తర్వాత, సూర్యుడికి దూరంగా ఉన్న చోట, చిన్నగా ఇంజిన్ మండించాలి. అక్కడ చేసిన చిన్న మార్పు తర్వాతి కలయికలో పెద్ద తేడాగా కనిపిస్తుంది. అలా సాపేక్ష వేగం సెకనుకు 5.8 నుంచి 5.2కి, అక్కణ్ణుంచి 3.4కి, చివరికి 2.2 కి.మీ.కి దిగింది. ఫలితంగా 2011 మార్చిలో కక్ష్యలో దిగడానికి సెకనుకు 862 మీటర్ల మార్పు, 15 నిమిషాల మంట చాలింది. 6.6 కి.మీ. ఎక్కడ, 0.86 ఎక్కడ!

కాలం ఎందుకు పట్టిందో కూడా ఇందులోనే ఉంది. మొదటి ఫ్లైబై తర్వాత నౌక రెండు చుట్లు తిరిగేలోపు బుధుడు మూడు తిరుగుతాడు, అప్పుడే మళ్లీ కలుస్తారు. రెండోదాని తర్వాత మూడుకు నాలుగు, మూడోదాని తర్వాత ఐదుకు ఆరు. కక్ష్యాకాలాలు 132, 117, 106 రోజులుగా బుధుడి 88 రోజుల వైపు దగ్గరవుతున్నకొద్దీ మళ్లీ కలవడానికి ఎక్కువ చుట్లు పడతాయి. శుక్రుణ్ణీ బుధుణ్ణీ కలిపి ఇలా వాడే మార్గాన్ని 1985లో నాసా పరిశోధన కేంద్రం జేపీఎల్‌లో చెన్-వాన్ యెన్ కనుగొన్నారు. అంతకుముందు రసాయన ఇంజిన్లతో బుధుడి కక్ష్య చేరడం అయ్యే పని కాదనే అనుకునేవారు. ఆ పరిశోధన లేకపోతే మెసెంజర్ లేదు.

బయల్దేరే తేదీ తప్పితే ఎంత నష్టమో కూడా చూడండి. 2004 మార్చిలోనో మేలోనో ఎగిరి ఉంటే మెసెంజర్ 2009లోనే చేరేది. ప్రయోగం ఆగస్టుకు జారడంతో గ్రహాల అమరిక మారి రాక 2011కి వెళ్లింది.


తారాదీపం:

ఇదంతా రసాయన ఇంజిన్ తిప్పలే కదండీ. బెపికొలంబోలో జెనాన్ అయాన్ ఇంజిన్లు ఉన్నాయి, వాయువేగం పది రెట్లు పైనే. మరి దానికి తొమ్మిది ఫ్లైబైలు ఎందుకు? నేరుగా సర్పిలంలా దిగొచ్చు కదా.


నిదానబలం:

తారాదీపం గారూ, దిగొచ్చు, కానీ అయాన్ ఇంజిన్ తక్కువ ఇంధనంతో ఎక్కువ వేగం ఇస్తుందే తప్ప తక్కువ కాలంలో ఇవ్వదు. లెక్క చూడండి. బెపికొలంబోలో టీ6 అనే అయాన్ ఇంజిన్లు (థ్రస్టర్లు) నాలుగు ఉన్నాయి. ఒక్కోదాని గరిష్ఠ తోపుడు 145 మిల్లీన్యూటన్లు. ఒకేసారి రెండు నడిపితే 290. నౌక బయల్దేరినప్పటి బరువు సుమారు 4,100 కిలోలు. త్వరణం సెకను వర్గానికి 0.00007 మీటర్లు. రోజంతా ఆపకుండా నడిపితే వచ్చే మార్పు సెకనుకు 6 మీటర్లు, నెలకు 180. ఫ్లైబైలు లేకుండా సర్పిలంగా దిగాలంటే భూమి వేగానికీ బుధుడి వేగానికీ ఉన్న తేడా అంతా, పైన కక్ష్యాతలం వాలు మార్చే ఖర్చూ ఇంజినే భరించాలి. అప్పుడు సుమారు 580 కిలోల జెనాన్ ఏ మూలకూ చాలదు, కాలమూ కలిసిరాదు.

పైగా థ్రస్టర్ ఒక్కోటి 4.5 కిలోవాట్ల పైన కరెంటు తింటుంది. అందుకే ఈ నౌకకు కొస నుంచి కొసకు 30 మీటర్ల దాకా పరుచుకున్న సోలార్ రెక్కలు. సూర్యుడికి దగ్గరయ్యేకొద్దీ కరెంటు అంతకంతా పెరుగుతుందనుకుంటాం. కానీ వేడి వల్ల రెక్కల్ని సూర్యుడికి ఏటవాలుగా తిప్పేయాలి, కాబట్టి వచ్చే లాభం చాలావరకు అక్కడే పోతుంది.

కాబట్టి రెండూ కలిపారు: భూమి ఒకసారి (2020 ఏప్రిల్ 10), శుక్రుడు రెండుసార్లు (2020 అక్టోబర్ 15, 2021 ఆగస్టు 10), బుధుడు ఆరుసార్లు (2021 అక్టోబర్ 1 నుంచి 2025 జనవరి 8 వరకు). మెసెంజర్ ఫ్లైబైల మధ్య చేసిన మంటల పనిని ఇక్కడ అయాన్ ఇంజిన్ నెలల తరబడి నెమ్మదిగా తోసి చేస్తుంది. చివర్లో బుధుడి దృష్ట్యా వేగం ఎంత తక్కువకు దిగుతుందంటే, సూర్యుడి ఆకర్షణ కూడా సాయపడి గ్రహం నౌకను వదులుగా పట్టేసుకుంటుంది. అప్పటికే థ్రస్టర్లున్న రవాణా విభాగాన్ని విడిచిపెట్టేసి ఉంటారు. అక్కణ్ణుంచి కిందికి దిగడం ఐరోపా నౌక ఎంపీఓకున్న చిన్న రసాయన థ్రస్టర్ల పని.

ఈ పద్ధతిలో ఉన్న బలహీనత 2024లో బయటపడింది. ఏప్రిల్ 26న ఇంజిన్లను నడపబోతే రవాణా విభాగం నుంచి పూర్తి కరెంటు అందలేదు. సోలార్ రెక్కలకూ, వాటి నుంచి కరెంటు తీసి పంచే యూనిట్‌కూ మధ్య ఊహించని విద్యుత్ ప్రవాహాలు ఏర్పడటం కారణమని తేలింది. తోపుడు పాత స్థాయిలో 90 శాతం దాకానే తిరిగొచ్చింది. రసాయన ఇంజిన్ అయితే మంట కాస్త పొడిగిస్తే సరిపోయేది. ఇక్కడ నెలల తోపుడు ముందే లెక్కగట్టి ఉంటుంది, అందులో పది శాతం పోతే తర్వాతి కలయికకు నౌక బుధుడి దగ్గరికి సమయానికి రాదు. అందుకే దారి మళ్లీ గీశారు. 2024 సెప్టెంబర్ 4 ఫ్లైబైని అనుకున్నదానికంటే 35 కి.మీ. కిందికి, 165 కి.మీ. ఎత్తుకు తెచ్చారు. గ్రహాకర్షణతో ఎక్కువ పని చేయించుకుని ఇంజిన్ మీద భారం తగ్గించారు. దాని మూల్యం పదకొండు నెలలు: 2025 డిసెంబర్‌లో జరగాల్సిన రాక 2026 నవంబర్‌కు మారింది. శాస్త్రీయ పని ఏదీ వదులుకోకుండా ఇంత లోపాన్ని సర్దగలగడం నా దృష్టిలో ఈ యాత్రలో అన్నిటికన్నా గొప్ప ఇంజినీరింగ్.


ఉష్ణపటం:

అద్దాల గురించీ, కక్ష్య ఆకారం గురించీ నేను చెప్తాను. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు వేడే.

భూమి దగ్గర చదరపు మీటరుకు పడే ఎండ 1,361 వాట్లు. బుధుడి కక్ష్య బాగా దీర్ఘవృత్తం, సూర్యుడి నుంచి 4.6 కోట్ల కి.మీ. నుంచి 7 కోట్ల కి.మీ. దాకా మారుతుంది. అందుకని అక్కడి ఎండ 6,270 నుంచి 14,450 వాట్ల మధ్య ఊగుతుంది. డిజైన్ చేసేది ఆ 14,450కి.

ఒక ప్యానెల్ రెండు వైపులా వేడిని వదులుతుందనుకుని స్థూలంగా లెక్క వేయండి. పడిన ఎండలో 75 శాతం వేడిగా మారి, వికిరణ సామర్థ్యం 0.85 ఉంటే, సూర్యుడికి ఎదురుగా పెట్టిన ప్యానెల్ 300 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. మామూలు తగరం-సీసం సోల్డర్ 183 డిగ్రీలకే కరిగిపోతుంది. జిగుర్లు కాలి ఆవిరి వదులుతాయి, ఆ ఆవిరి వెళ్లి చల్లగా ఉన్న కెమెరా అద్దాల మీద పేరుకుంటుంది. సెల్స్ సామర్థ్యం వేడికి ఎలాగూ పడిపోతుంది. ఇప్పుడు ప్యానెల్ వైశాల్యంలో మూడింట రెండు వంతులు ఎండను తిప్పికొట్టే అద్దాలు పెట్టండి, మెసెంజర్‌లో చేసింది ఇదే. అదే లెక్కలో ఉష్ణోగ్రత 195 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. దాన్నే 60 డిగ్రీలు వాల్చండి, 120 అవుతుంది. ఇక్కడ సెల్స్ తగ్గించడం వల్ల నష్టం లేదు, ఎందుకంటే ఎండ పది రెట్లుంది. కరువు కరెంటుకు కాదు, వేడి పోయే దారికి.

వాల్చడంలో ఒక ప్రమాదం ఉంది. ఏటవాలు ఎక్కువైతే ఒక్క డిగ్రీ తేడాకే కరెంటు చాలా మారుతుంది. 75 డిగ్రీల వాలు నుంచి 80కి వెళ్తే పడే ఎండ మూడో వంతు తగ్గిపోతుంది. ఇటు కొంచెం తిరిగితే వేడి, అటు కొంచెం తిరిగితే బ్యాటరీ ఖాళీ. అందుకే ప్యానెల్ తిప్పే మోటార్లను, వాటి సాఫ్ట్‌వేర్‌ను నౌకలో అత్యంత కీలకమైన భాగాల్లో లెక్కేస్తారు.

నౌక ఒంటికి మెసెంజర్‌లో పెట్టింది 2.5 మీటర్ల ఎత్తు, 2 మీటర్ల వెడల్పు ఉన్న సన్‌షేడ్. ముందూ వెనకా నెక్స్‌టెల్ సిరామిక్ బట్ట, మధ్యలో క్యాప్టాన్ ప్లాస్టిక్ పొరలు. ముందు వైపు 370 డిగ్రీలు దాటినా వెనక పరికరాలు 20 డిగ్రీల దగ్గర మామూలు ఎలక్ట్రానిక్స్‌లాగే పనిచేశాయి. షరతు ఒక్కటే, షేడ్ ఎప్పుడూ సూర్యుడి వైపే ఉండాలి. ఒకవైపు ఆ షరతు, మరోవైపు కెమెరాను గ్రహం వైపు తిప్పాల్సిన పని. ఈ రెంటి మధ్యే పరిశీలనల ప్రణాళిక అంతా వేయాలి. కెమెరాకు విడిగా తిరిగే ఇరుసు పెట్టడానికి కారణం అదే.

ఇక కక్ష్య. షేడ్ అడ్డుకునేది సూర్యుణ్ణి మాత్రమే. బుధుడి పగటి నేల 430 డిగ్రీలకు కాలి, తనే చదరపు మీటరుకు 13 కిలోవాట్ల దాకా పరారుణ వేడిని వదులుతుంది. 200 కి.మీ. ఎత్తున గ్రహం వైపు ఉన్న పలక మీద అందులో 85 శాతం పడుతుంది. అంటే 11 కిలోవాట్లు, షేడ్ లేని వైపునుంచి! గుండ్రటి తక్కువ కక్ష్యలో ప్రతి చుట్టులో సగం సేపు ఇదే పరిస్థితి, చల్లారే వ్యవధి ఉండదు. మెసెంజర్ 200 × 15,193 కి.మీ. కక్ష్యలో 12 గంటలకొకసారి తిరిగింది. నేలకు అతి దగ్గరగా వచ్చే చోటును ఉత్తర అక్షాంశం 60 డిగ్రీల దగ్గర పెట్టారు, కాబట్టి మధ్యరేఖ దగ్గరి మండే నేలను ఎక్కువ ఎత్తులోనే దాటేది. వేడి భాగం త్వరగా ముగిసిపోయి, మిగతా గంటలన్నీ చల్లారడానికి దొరికేవి. 2012 ఏప్రిల్‌లో దాన్ని 8 గంటల కక్ష్యకు తగ్గించారు, అప్పటికి నౌక వేడిని ఎలా తట్టుకుంటోందో కొలతలు చేతిలో ఉన్నాయి.

బెపికొలంబోలోని ఎంపీఓ మాత్రం 480 × 1,500 కి.మీ. కక్ష్యకు వెళ్తోంది, అంటే మీరు అడిగిన దగ్గరి కక్ష్యకు చాలా సమీపం. దానికి చెల్లించే మూల్యం పెద్ద రేడియేటర్. ఒక పక్కనంతా రేడియేటర్‌కు ఇచ్చి, దాని మీద ఏటవాలు లోహపు రెక్కలు పేర్చారు. కింద గ్రహం నుంచి వచ్చే పరారుణాన్ని అవి తిప్పికొడతాయి, రేడియేటర్ తన వేడిని మాత్రం ఆకాశం వైపు వదులుకోగలుగుతుంది. ఆ పక్క మీద ఎండ పడకూడదు కాబట్టి, బుధుడు సూర్యుడి చుట్టూ ఒకసారి తిరిగేలోపు నౌక రెండుసార్లు తిరగబడాలి. జపాన్ నౌక మియో అయితే నిమిషానికి 15 సార్లు గిరగిరా తిరుగుతూ వేడిని ఒంటినిండా సమంగా పంచుకుంటుంది.


నభోలెక్కలు:

కక్ష్యామార్గం గారూ, నిదానబలం గారూ, ఉష్ణపటం గారూ, చాలా ధన్యవాదాలు. 6.6 నుంచి 0.86కి దిగిన లెక్క నా పట్టికలోనూ సరిపోయింది. ఇంకో రెండు సందేహాలు. ఇంత సన్నని హద్దుల్లో ఎగిరే నౌకకు ఏదైనా లోపం వస్తే భూమి నుంచి సరిచేసే వ్యవధి ఉంటుందా? ఇంతవరకూ బుధుడి మీద ఎవరూ ఎందుకు దిగలేదు? ఇంకొకటి కూడా: బెపికొలంబో ఫ్లైబై ఫొటోలు 165 కి.మీ. దగ్గరకు వెళ్లినా అంత సాదాగా ఎందుకున్నాయి?


దూరసంకేతం:

వ్యవధి ఉండదు. అందుకే సరిదిద్దే తెలివి నౌకలోనే పెట్టాలి. బుధుడు మనకు 7.7 కోట్ల నుంచి 22 కోట్ల కి.మీ. దూరంలో ఉంటాడు. సంకేతం ఒక వైపు వెళ్లడానికే 4 నుంచి 12 నిమిషాలు. షేడ్ పక్కకు తిరిగిపోతే పరికరాలు పాడవడానికి అంతసేపు అక్కర్లేదు. కాబట్టి లోపం వచ్చినప్పుడు నౌక తనంతట తానే వెళ్లే సేఫ్ మోడ్‌లో ఇక్కడ మొదటి ఆజ్ఞ "షేడ్ సూర్యుడి వైపు ఉంచు". కంప్యూటర్ మళ్లీ స్టార్టవుతున్నా సరే, సూర్యుడు ఎటున్నాడో చెప్పే సెన్సర్లూ వాటిని చదివే చిన్న సర్క్యూట్లూ విడిగా మెలకువగా ఉండాలి. సూర్యుడి దిశకు ఎంత పక్కకు తిరగవచ్చో హద్దు పెట్టి, ఆ హద్దు దాటించే ఆదేశం భూమి నుంచి వచ్చినా నౌక తిరస్కరించేలా సాఫ్ట్‌వేర్ రాస్తారు.

రెండో చిక్కు, 116 రోజులకొకసారి బుధుడు సూర్యుడికి అవతలి వైపు వెళ్తాడు. ఆకాశంలో సూర్యుడికీ నౌకకూ మధ్య కోణం 3 డిగ్రీల కంటే తక్కువైతే, సౌర ప్లాస్మా ఎక్స్-బ్యాండ్ రేడియో సంకేతాన్ని చెదరగొట్టి ఆదేశాలు నమ్మకంగా చేరవు. ఆ రోజులకు సరిపడా ఆదేశాల జాబితా ముందే ఎక్కించి ఉంచాలి. కక్ష్యలో దిగే మంట లాంటివి ఆ కాలంలో పడకుండా దారి గీసేటప్పుడే చూసుకుంటారు.

యాంటెన్నాలోనూ వేడి వేలు పెట్టింది. తిరిగే డిష్ పెడితే అది షేడ్ దాటి బయటికి రావాలి, దాని ఇరుసులు మండిపోతాయి. మెసెంజర్‌లో కదిలే భాగాలు లేకుండా, కిరణాన్ని ఎలక్ట్రానిక్‌గా తిప్పే ఫేజ్డ్ అర్రే యాంటెన్నా వాడారు. సుదూర అంతరిక్ష యాత్రల్లో అలాంటిది అదే మొదటిసారి.

ఎండ వల్ల మేలు కూడా ఉంది. సూర్యకాంతి తోపుడు అక్కడ ఎంత బలంగా ఉంటుందంటే, ప్యానెళ్ల కోణం మార్చి మెసెంజర్ తన దారిని దిద్దుకుంది, బుధుడి ఫ్లైబైల ముందు చేయాల్సిన కొన్ని చిన్న మంటల అవసరమే రాలేదు. మెరైనర్ 10లో నౌక దిశను నిలబెట్టే వాయువు త్వరగా ఖర్చయిపోతుంటే, ప్యానెళ్ల మీద, యాంటెన్నా మీద పడే కాంతి ఒత్తిడితోనే నౌకను నిలబెట్టి మూడో ఫ్లైబై దాకా లాక్కొచ్చారు. ఆ ఫ్లైబై అయిన ఎనిమిది రోజులకు, 1975 మార్చి 24న, వాయువు అయిపోయింది.

ఫొటోల సంగతి సులువు. ప్రయాణంలో ఎంపీఓ, మియో, రవాణా విభాగం ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. అసలు కెమెరా రవాణా విభాగం వైపు ముఖం పెట్టి మూసుకుపోయి ఉంది. మనం చూసినవి రెక్కలు విచ్చుకున్నాయో లేదో చూడటానికి పెట్టిన మూడు పర్యవేక్షణ కెమెరాల నలుపు-తెలుపు చిత్రాలు, 1,024 × 1,024 పిక్సెళ్లవి. పైగా చాలా ఫ్లైబైల్లో అతి దగ్గరి బిందువు చీకటి వైపు పడింది. వాటి నుంచి అంతకన్నా ఆశించడం న్యాయం కాదు.


శిలాపుటం:

దిగడం గురించి. బుధుడి మీద ఉన్నది అక్కడక్కడా తిరిగే అణువుల పొర మాత్రమే. పారాచూట్ పనిచేయదు, గాలి రాపిడితో వేగం తగ్గించుకోవడమూ కుదరదు. నేలకు ఆనుకున్న కక్ష్యలో వేగం సెకనుకు 3 కి.మీ., దాన్ని పూర్తిగా రాకెట్‌తోనే చంపాలి. దిగేటప్పుడు గురుత్వంతో పోరాడే నష్టాలూ, సురక్షితమైన చోటు వెతుక్కునే అదనమూ కలిపి 3.4 అనుకుంటే, నేల మీద ఒక కిలో నిలవాలంటే తక్కువ కక్ష్యలో మూడు కిలోలు ఉండాలి. ఆ తక్కువ కక్ష్యకు చేరడానికే పైన చెప్పుకున్నదంతా అయింది. బెపికొలంబోలో మొదట ఒక ల్యాండర్ కూడా ఉండేది, ఖర్చు భరించలేక 2003లో తీసేశారు.

దిగాక, పగలు 88 రోజులు, రాత్రి 88 రోజులు. మధ్యరేఖ దగ్గర పగలు 430 డిగ్రీలు, రాత్రి మైనస్ 180. రెండూ తట్టుకునే ఎలక్ట్రానిక్స్ కట్టడం కన్నా, రెండింటినీ తప్పించుకోవడం తెలివైన పని. బుధుడి చుట్టుకొలత 15,300 కి.మీ., దాన్ని 176 రోజులతో భాగిస్తే వెలుగు-చీకటి సరిహద్దు మధ్యరేఖ మీద గంటకు 3.6 కి.మీ. వేగంతో కదులుతుంది. 85 డిగ్రీల అక్షాంశం దగ్గర గంటకు 300 మీటర్ల పైచిలుకే. సూత్రప్రకారం రోవర్ దాని వెంటే నడవొచ్చు. కానీ దారిలో ఒక్క గుట్ట అడ్డొచ్చి ఆగితే మళ్లీ అందుకోవాలి కాబట్టి, మొదటి ల్యాండర్ సాయంత్రం వేళ దిగి కొన్ని వారాలు చీకట్లో బ్యాటరీతో పనిచేసి ముగించేలా ఉంటేనే నయమని నా అభిప్రాయం.

వెళ్లదగ్గ చోటు ఉత్తర ధ్రువం. బుధుడి అక్షం వాలు ఒక డిగ్రీలో ముప్పయ్యో వంతు మాత్రమే, అందుకని ధ్రువాల దగ్గరి బిలాల అడుగున ఎండ ఎన్నడూ పడదు. 1991లో భూమి నుంచి పంపిన రాడార్‌కు అక్కడ మెరిసే మచ్చలు కనిపించాయి. మెసెంజర్ న్యూట్రాన్ కొలతలతో అది చాలావరకు నీటి మంచేనని 2012లో ప్రకటించారు. ప్రోకోఫ్యేవ్ బిలం అందులో ముఖ్యమైనది. దక్షిణాన కూడా ఇలాంటి నిల్వలు ఉన్నాయి, కానీ మెసెంజర్ దగ్గరి బిందువు ఉత్తరాన ఉండటంతో నేల ఎత్తుపల్లాలు కొలిచే దాని లేజర్ ఆల్టిమీటర్ దక్షిణార్ధగోళాన్ని అందుకోలేకపోయింది. ఎంపీఓ కక్ష్య రెండు గోళాలకూ దగ్గరగా ఉంటుంది కాబట్టి ఆ లోటు తీరుతుంది.


కక్ష్యామార్గం:

నభోలెక్కలు గారూ, మీ పట్టికను ముందుకు తీసుకెళ్లాలంటే ఈ వరుసలో చేయండి. మెసెంజర్ ఫ్లైబై తేదీలు పైన ఉన్నాయి. ఒక్కో జత తేదీలకు గ్రహాల స్థానాలు తీసుకుని మధ్య దారిని లాంబర్ట్ పద్ధతిలో (రెండు స్థానాలూ మధ్య కాలమూ తెలిస్తే దారి కనుక్కునే లెక్క) సాధించండి. ప్రతి గ్రహం దగ్గరా వచ్చే సాపేక్ష వేగం, వెళ్లే సాపేక్ష వేగం పరిమాణంలో సమానంగా రావాలి. సమానం రాకపోతే అంత తేడాను మధ్యలో మండించాలన్నమాట. మెసెంజర్ అలాంటి పెద్ద మంటలు ఐదు చేసింది.

మలుపు కోణానికి సూత్రం: సగం మలుపు కోణం సైన్ = 1 భాగించు (1 + దగ్గరి దూరం × సాపేక్ష వేగం వర్గం ÷ గ్రహ గురుత్వ స్థిరాంకం). బుధుడికి ఆ స్థిరాంకం 22,032, దగ్గరి దూరం గ్రహ కేంద్రం నుంచి 2,640 కి.మీ. పెట్టండి. సాపేక్ష వేగం 5.8 అయితే మలుపు 23 డిగ్రీలు, వేగంలో మార్పు 2.3 కి.మీ. రావాలి. అదే 9.6 అయితే మార్పు 1.6 దగ్గరే ఆగిపోతుంది. వేగంగా వచ్చేవాణ్ణి చిన్న గ్రహం ఎక్కువ తిప్పలేదు, అందుకే శుక్రుడి సాయంతో ముందు వేగం దించుకుని రావాలి.

అందరూ బుధుడి కక్ష్యను గుండ్రంగా, భూమి తలంలోనే ఉన్నట్టు తీసుకుని మొదలుపెడతారు, అక్కడే అంకెలు తప్పుతాయి. దాని వేగం 39 నుంచి 59 కి.మీ. దాకా మారుతుంది, తలం 7 డిగ్రీలు వాలి ఉంది. 57 కి.మీ. వేగంతో వెళ్తున్నదాన్ని ఒక్క డిగ్రీ తిప్పడానికే సెకనుకు ఒక కి.మీ. ఖర్చు. ఆ వాలును శుక్రుడి ఫ్లైబైలతోనే సరిచేసుకునేలా దారి గీయండి.

కక్ష్యలో చేరాక కూడా సూర్యుణ్ణి లెక్కలోంచి తీసేయకండి. మెసెంజర్ దగ్గరి బిందువు సూర్యుడి లాగుడుకు ఒక్క బుధ సంవత్సరంలో 200 నుంచి దాదాపు 500 కి.మీ.కి పెరిగేది, ప్రతిసారీ ఇంజిన్‌తో కిందికి దించాల్సి వచ్చేది. తర్వాతి కాలంలో కక్ష్య దిశ మారి అదే లాగుడు దాన్ని కిందికి దింపడం మొదలుపెట్టింది. ఇంధనం అయిపోయాక ట్యాంకుల్లో ఒత్తిడి కోసం ఉంచిన హీలియంనే బయటికి వదిలి కక్ష్యను మరికొన్ని రోజులు పైకి లేపారు. 2015 ఏప్రిల్ 30న సెకనుకు 3.9 కి.మీ. వేగంతో నేలను తాకింది. మీ నమూనాలో సూర్యుడి ప్రభావం చేర్చి నాలుగేళ్లు నడిపితే దగ్గరి బిందువు ముందు పెరిగి తర్వాత తగ్గడం కనిపించాలి. కనిపించకపోతే దగ్గరి బిందువు అక్షాంశం, వాలు 82.5 డిగ్రీలు సరిగ్గా ఇచ్చారో లేదో ముందు చూడండి.